లావు చూసి తెచ్చుకున్న పుస్తకం

క్రిస్మస్ సెలవుల్లో ఏ పుస్తకం చదవాలో మా అమ్మాయి నాలుగు రోజులుగా ఫోన్లో వెతుకుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోతోంది.

లాల్‌దర్వాజాలో అద్దె పుస్తకాల షాపు గుర్తుందా దోస్తులూ? మైదా జిగురు వాసనేసే గోధుమరంగు అట్టలు, పైన నంబరు మాత్రమే. షాపాయన తెరిచి చూడనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఓసారి సెలవులన్నిటికీ సరిపోవాలని అన్నిటికంటే లావుదే తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే రెండో భాగం!

పరుగెత్తుకెళ్తే, "మొదటిది యాకుత్‌పురాల ఎవరో తీస్కపోయిన్రు బిడ్డా. సెలవులైనంక వస్తది. అప్పటిదాంక గిదే చదువు" అన్నాడు.

చదివాను. ఎవరికెవరు ఏమవుతారో తెలియకుండానే, కథలో అమ్మాయి చనిపోతే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇదంతా చెబితే మా అమ్మాయి, "గందుకే డాడీ, నేను మంచిగ చూసి తీసుకుంటున్న" అని మళ్లీ ఫోన్లో తల దూర్చింది.

సెలవులు ఇక రెండు రోజులే మిగిలాయి.