వాసన చూసే తల్లి

యుద్ధం రంగూన్ దాకా, మేమనే రంగం దాకా, రావడంతో మా మరిది పెళ్ళాన్నీ చంటిబిడ్డనీ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. పెళ్ళాం బర్మా మనిషి. ఆ సంగతి అంతవరకూ మాకెవరికీ తెలియదు. "రంగం వెళ్ళినోడు రంగం మనిషినే తెచ్చేడు, ఇంకేం చేస్తాం," అని మా అత్తగారు ముక్కు చీదుకుని లోపలికి రమ్మన్నారు. మరిది ఇద్దరినీ అల్లవరం దగ్గరి మా ఇంట్లో దింపి, పని వెతుక్కుంటూ కాకినాడ వెళ్ళిపోయాడు.

నా కూతురూ, ఆ తోటికోడలి కొడుకూ ఇంచుమించు ఒక ఈడువాళ్ళు. మా ఇళ్ళలో పసిబిడ్డ ఉంటే ఇల్లంతా సంతే గదా! పాలిస్తూ కబుర్లు చెబుతాం, తిడతాం, 'నా తల్లే, నా బంగారమే' అని బుగ్గలు కొరుకుతాం. ఆమె నోరు విప్పేది కాదు. తెలుగు రాదు, సరే. తన భాషలోనైనా మాట్లాడొచ్చుగా? బిడ్డ నడినెత్తి మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, ఛాతీ నిండేదాకా గాలి పీల్చేది. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. కుర్రాడు ఏడ్చేవాడు కాదు. చిక్కిపోయిన మొహంలో కళ్ళు తెరుచుకుని ఊరికే చూసేవాడు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, ఈవిడకు ముద్దు పెట్టుకోవడమే రాదేమిటి అనుకున్నాను.

"అది బిడ్డ ఊపిరి లాగేస్తోందే," అన్నారు అత్తగారు ఒక మధ్యాహ్నం, గుసగుసగా. "అందుకే వాడలా ఎండిపోతున్నాడు."

"ఛ, అవేం మాటలండీ," అన్నాను. అన్నానే గాని, ఆ సాయంత్రం నా కూతురి ఉయ్యాల ఆమెకు దూరంగా కట్టించాను.

ఆమెకూ మేమంటే భయమే. అత్తగారు పిల్లల్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోశాక, తడి నిలవకుండా చెవుల్లో, ముక్కుల్లో ఉఫ్‌ ఉఫ్‌మని ఊదేవారు. అది చూసి ఆమె గోడకు అతుక్కుపోయేది. బిడ్డలోకి మేం ఏం పంపిస్తున్నామనుకుందో!

మర్నాడు అత్తగారు కుర్రాణ్ణి ఆమె దగ్గర్నుంచి లాక్కొచ్చి నా ఒళ్ళో వేశారు. "నీ పాలియ్యి. నీకు అలవాటు పడ్డాడంటే దాన్ని మొగుడి దగ్గరికి పంపించేద్దాం. బిడ్డ మాత్రం మనింట్లోనే."

"ఆయ్," అన్నాను. వాడు బతకాలనే నాకూ ఉంది.

వాడు రొమ్ము పట్టలేదు. పెదాలు బిగించి, నా భుజం మీదుగా గుమ్మంకేసి చూస్తూ ఉండిపోయాడు. పొద్దు వాలేసరికి పాదాలు చల్లబడ్డాయి. ఏం తోచక, ఆమెలాగే వాడి నెత్తి మీద ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. గుటకలు వినిపించాయి.

"ఇహనేం! రేపే పంపించేద్దాం," అన్నారు అత్తగారు.

తలెత్తి చూస్తే ఆమె గుమ్మంలో ఉంది. రవిక పాలతో తడిసిపోయింది. నావైపు చూడకుండా తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, ఏడుస్తున్న నా కూతుర్ని ఎత్తుకుంది. నెత్తి మీద ముక్కు ఆనించి పీల్చింది. నా పిల్ల ఠక్కున ఏడుపు మానేసింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "నా బిడ్డనిటియ్యి!" అని కేకపెట్టాను.

"నా బిడ్డ," అంది ఆమె. మా ఇంటికొచ్చాక ఆమె నోట విన్న తొలి తెలుగు మాట అది.

అత్తగారు నన్ను చూశారు, ఆమెను చూశారు. నా ఒళ్ళోంచి కుర్రాణ్ణి తీసుకెళ్ళి ఆమె ఎడంచేతిలో పెట్టారు. అప్పుడుగాని ఆమె నా కూతుర్ని వదల్లేదు.