బొమ్మకు బదులు నేను

మెదడువాపు జ్వరంతో ఆదిలాబాద్‌లో నలభై రోజులు మంచం పట్టాను. లేచి కరీంనగర్ నర్సింగ్ కాలేజీకి తిరిగొస్తే హాజరు చాలదని ఒక ఏడు, అనాటమీ తప్పి, ప్రాక్టికల్స్ దాకా రాకుండానే ఇంకో ఏడు పోయాయి. మూడోసారి మొదటి సంవత్సరంలోనే కూర్చున్నాను, నాకంటే చిన్నపిల్లల మధ్య.

మా ట్యూటర్ మేడం రోగుల పట్ల దయ గురించి గంటసేపు నోట్సు చెప్పగలదు. చెప్పినంతసేపూ కళ్లు ఫోన్ మీదే ఉంటాయి. ప్రాక్టికల్ గదిలో మొదటి రోజే నన్ను చూసి, పేషెంటు మంచం చూపించి, "నీకైతే అలవాటే గదా, నువ్వు పండుకో," అన్నది. పిల్లలు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

అప్పటినుంచి రోగిని పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం అన్నీ నా మీదే నేర్చుకున్నారు. తడిగుడ్డ ఎంత చల్లగా ఉందో చూసుకోకుండా వీపు మీద వేసేవారు. జబ్బులో మా అవ్వ ఇంతకంటే బాగా తుడిచింది, ఆమె ఏ కాలేజీకీ పోలేదు.

నిజానికి ఈ పని కోసమే కొన్న నిలువెత్తు బొమ్మ ఆ గదిలోనే ఉంది. అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా దాచారు. ఇన్‌స్పెక్షన్ వాళ్లకు కొత్తగా కనపడాలట. బొమ్మ మాసిపోతుందని మనిషిని పడుకోబెట్టేవాళ్లు దయ గురించి నోట్సు చెప్తారు, మేం రాసుకుంటాం.

ప్రతి పనీ మా చేత్తో చేసి ప్రొసీజర్ బుక్కులో ట్యూటర్ సంతకం తీసుకోవాలి. బుక్కు నిండకపోతే పరీక్షకు పంపరు. ఈసారి తప్పితే చదువు మాన్పిస్తానని బాపు పత్తిచేనులో నిలబడి మెల్లగానే చెప్పాడు. పరీక్షలు వారం ఉన్నాయనగా నా బుక్కులో ఒక్క సంతకం లేదు.

ఆ రోజు పండుకొమ్మంటే పడుకోలేదు. "మేడం, పండుకునుడు నాకు మంచిగ వచ్చింది. చేసుడే రాలే. ఇయ్యాల నన్ను చెయ్యనియ్యున్రి," అన్నాను.

మరి ఎవరు పడుకుంటారని మేడం అడిగింది. ఇన్నాళ్లూ నా వీపు మీద చెయ్యి అలవాటు చేసుకున్న పిల్లలంతా నేల చూశారు. బొమ్మను తీయమన్నాను. మేడం ముఖం మాడ్చుకుని నా బుక్కు లాక్కుంది. ఖాళీ గళ్లన్నింటిలో వెనకటి తేదీలు వేసి బరబరా సంతకాలు గీకి, నా చేతిలో పడేసింది. ఇంకేం కావాలి, పో అన్నది.

చేతులు జోడించి థాంక్స్ చెప్పాను. ఆ గదిలో అందరికంటే నాకు నేనే నీచంగా కనిపించాను.

పరీక్ష పాసయ్యాను. వార్డులో మొదటి రోజు ఒక ముసలమ్మ పక్కకు తిప్పమని అడిగింది. బుక్కు ప్రకారం ఆ పని నేను పదిసార్లు చేశాను. చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక, బయట కూర్చున్న ఆమె కూతురిని పిలిచాను.