ఎస్తేరు టీచరు పడవ ఆపిన చోటు

మొన్న వాన వెలిసిన సాయంత్రం పటాన్‌చెరులో మా ల్యాబు ముందు ఒక లారీ ఆగింది. డ్రైవరు టార్పాలిన్ విప్పుతూ తడిసిన తాడును చుట్టలు చుట్టలుగా మా గుమ్మం పక్కన పడేశాడు. లోపల బల్ల దగ్గర కూర్చున్న నాకు ఆ వాసన తగిలింది. నానిన నైలాను, కాస్త డీజిలు, ఆ రెండింటి అడుగున ఎక్కడో బురద. హైవే మీద బండ్ల మోత అలాగే ఉండి ఉంటుంది, నాకు మాత్రం కాసేపు వినిపించలేదు. నేల మెల్లగా ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకున్నట్టు, నేను కూర్చున్నది కుర్చీలో కాదు పడవలో అన్నట్టు అనిపించింది. ఎదురుగా, పడవ ముక్కు దగ్గర, కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని, తాడు ఒళ్లో వేసుకుని ఎస్తేరు టీచరు నీళ్లవైపు చూస్తున్నారు.

ఆమెను చూడనివాళ్లకు ఆమెను ఎలా చూపించాలో నాకు ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు. పొడగరి. గొంతు పెద్దది. సంగారెడ్డిలో హైస్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి సైన్సు చెప్పి రిటైరయ్యాక, పటాన్‌చెరులో రెండు గదులు కిరాయికి తీసుకుని నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబు పెట్టారు. ఆమె తండ్రి మంజీర మీద ఆనకట్ట దగ్గర లస్కరుగా పనిచేశాడట. తలుపులు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూడడం ఆయన పని. ఆనకట్ట పక్క క్వార్టర్లలో పుట్టి పెరిగిన టీచరుకు నడక, తెడ్డు వేయడం దాదాపు ఒకేసారి వచ్చాయని చెప్పేవారు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం మమ్మల్ని కేకలేసేవారు.

నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతుల పిల్లను. కెమిస్ట్రీ చదివి గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కొంతకాలం పనిచేశాను. లోపల ఎప్పుడూ ఒకే ట్యూబులైటు వెలుగు. బయటికి వస్తే పొద్దున్నో సాయంత్రమో గుర్తుపట్టడానికి కాసేపు పట్టేది. కాంట్రాక్టు అయిపోయాక టీచరు దగ్గర చేరాను. బోరు నీళ్ల సీసాలు పరీక్షించే పనే అనుకున్నాను. నెలకోసారి పడవ ఎక్కాలని చేరాకే తెలిసింది.

ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ఒక వాగు, ఆనకట్ట వెనుక నిలిచిన మంజీర నీళ్లలో కలిసే చోట చేపలు ఎక్కువ. జాలర్లూ ఎక్కువే. తాము పట్టే చేపలు తినొచ్చో లేదో తెలుసుకోవాలని వాళ్ల సంఘం టీచరును అడిగింది. అందుకని ప్రతి నెలా అక్కడికి వెళ్లి, పైనీళ్లు, నడిమి నీళ్లు, అడుగు నీళ్లు విడివిడిగా తీసుకురావాలి. అంతసేపూ పడవ ఒకే చోట ఆగాలి. వినడానికి సులువే. ఆ నీళ్లు మాత్రం ఒక్క తీరుగా ఉండవు. పైన వాన పడితే ఉబ్బుతాయి, కింద తలుపులు ఎత్తితే లాగేస్తాయి, మధ్యాహ్నం గాలి తిరిగితే పడవ కూడా తిరుగుతుంది.

మొదటిసారి వెళ్లిన ఉదయం మంచు ఇంకా నీళ్ల మీదే పడుకుని ఉంది. ఆ తెల్లదనంలోంచి జాలర్ల పుట్టిలు ఒక్కొక్కటిగా వచ్చి మళ్లీ అందులోకే పోతున్నాయి. గుండ్రటి ఆ పుట్టిల్లో మనుషులు నడుము వరకే కనిపించి, నీళ్లలోంచే మొలిచినట్టున్నారు. అక్కడక్కడ నీలం డ్రమ్ములు తేలుతున్నాయి. ఫ్యాక్టరీల తుక్కులో కొన్న డ్రమ్ములే. కడిగి, మూత బిగించి, పొడుగు తాడుతో అడుగుకు బండ కట్టి వదులుతారు. ఒక్కో జాలరికి ఒక్కో డ్రమ్ము. వల తీసేటప్పుడు పుట్టిని దానికే కట్టుకుంటాడు. ఒకదానికి ఎర్ర గుడ్డ పీలిక, ఇంకొకదానికి సున్నం గీత, ఎవరి గుర్తు వారిది. దూరంగా ఒక రాతి మీద మొసలి ఎండ కోసం ఎదురుచూస్తోంది. నేను పడవ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"లంగరు దించు పద్మా," అన్నారు టీచరు.

ఇనుప చువ్వలు వంచి చేసిన ఆ నాలుగు కొక్కేల బరువును నేను ఎత్తి విసరబోయాను.

"విసరకు బిడ్డా, దించు. తాడు నీ చేతిలకెళ్లి పోతుంటె అడుగు ఎక్కడున్నదో నీకే ఎరుకైతది."

తాడు అరచేతుల్లోంచి జారుతూ జారుతూ ఒక్కసారి వదులైంది. కింద ఏముంటుందని అడిగాను.

"ఏముంటది, చెల్క ఉంటది. నీళ్లు రాకముందు జొన్న పండిన భూమేనట అది. గా పక్కకు ఒక బాయి ఉండె అని మా నాయిన చెప్పుతుండె."

మేము ఎవరిదో జొన్నచేను మీద, చాలా ఎత్తున, ఆకాశంలో ఆగినట్టు నాకు అనిపించింది. టీచరు తెడ్డు వేసి పడవను వెనక్కి నడిపి, ఇంకా తాడు వదలమన్నారు. నీటి లోతుకు నాలుగైదు రెట్లు ఉండాలన్నారు. తాడు పొట్టిదైతే కొక్కెం పైకి లేస్తుంది, పొడుగుంటే నేల మీద పడుకుని పట్టుకుంటుంది. తర్వాత ఒడ్డువైపు చూపించారు.

"రెండు గుర్తులు పెట్టుకో. దగ్గర గా ఎండిన తుమ్మ, దూరం గుట్ట మీది టవరు. రెండు ఒకటే గీతల ఉన్నంతసేపు మనం గీడ్నే ఉన్నట్టు. జరిగినయంటె అవి జరగలే, మనం జరిగినట్టు."

ఆ రోజు సీసాలు నింపడం టీచరు పనైంది, తుమ్మనూ టవరునూ చూడడం నా పనైంది. నీళ్లు కదిలాయి, మంచు విడిపోయింది, కొంగలు లేచి వెళ్లాయి. ఆ రెండూ ఒకదాని వెనుక ఒకటి అలాగే నిలబడ్డాయి. నా చేతులు ఎప్పుడు పడవ అంచును వదిలాయో నాకే తెలియదు.

వర్షాకాలంలో ఒకసారి ఆ లంగరు దేనికో తగులుకుంది. బహుశా ఆ బావి గోడకే. ఎటు లాగినా రాలేదు, తాడు కోసి వదిలేయాల్సి వచ్చింది. పటాన్‌చెరులో వెల్డింగు షాపతను కొత్తది చేసి ఇచ్చేలోపు మరుసటి నెల వచ్చేసింది. అప్పుడు టీచరు దుర్గయ్య అనే జాలరి డ్రమ్ముకు పడవ కట్టారు. ముందురోజు వాళ్లింటికి వెళ్లారట, ఆయన లేకపోతే భార్య లచ్చమ్మకు చెప్పి వచ్చారట. కట్టే తీరు కూడా వేరు. తాడును డ్రమ్ముకున్న ఇనుప కడియంలోంచి దూర్చి, కొస మళ్లీ పడవలోకే తెచ్చి కట్టారు.

"పరాయి డబ్బాకు ముడి ఎయ్యొద్దు," అన్నారు. "కొస మన చేతిల్నే ఉండాలె. మనిషి రాంగనె ఒక్క గుంజుకు ఇడిపోవాలె."

మేము సగం సీసాలు నింపామో లేదో దుర్గయ్య రానే వచ్చాడు. ఇంట్లో చెప్పిన మాట ఆయనకు అందినట్టు లేదు.

"ఎవలు నా డబ్బాకు కట్టింది?" అని దూరం నుంచే అరిచాడు.

"మేమే దుర్గన్నా! ఇగో, పోతున్నం," అంటూ టీచరు అప్పటికే కొస విప్పుతున్నారు.

"మేడం, అడుగు నీళ్లు ఇంక తియ్యలే," అన్నాను మెల్లగా.

"మల్ల తీద్దాం. ఆయన పొద్దుగాల పని ఆయనకున్నది."

ఇంటి దగ్గర చెప్పాననో, మాది ముఖ్యమైన పని అనో ఆమె ఒక్క మాటా అనలేదు. అలా తేలిగ్గా లేవడం చూసి దుర్గయ్యే తడబడ్డాడు. "ఉండుర్రి టీచరమ్మా, ఉండుర్రి. నేను మీ పడవకే కట్టుకుంట," అని పుట్టిని మా వెనుక కట్టి వల లాగడం మొదలుపెట్టాడు. పని అయ్యాక జొన్నరొట్టె తుంచి మా ఇద్దరికీ ఇచ్చాడు. "ఈ బండ నా పుట్టికే సరిపోతది. గాలి లేదు కాబట్టి మీ పడవను ఆపింది. గాలొస్తె నమ్మకుర్రి," అని హెచ్చరించాడు కూడా. ఆనాటి నుంచి ఆ డ్రమ్ము వాడుకోవడానికి మాకు అనుమతి దొరికింది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, కొత్త లంగరు పడవలోనే ఉంచి, అదే డ్రమ్ముకు కట్టుకుని ఉన్నాం. నీళ్లు కరిగిన సీసంలా కదలకుండా ఉన్నాయి, నాకు నిద్ర ముంచుకొస్తోంది. పడమటి ఆకాశం ఎప్పుడు నల్లబడిందో గమనించలేదు. మొదట ఒక చల్లటి ఊపు వచ్చింది. ఆ వెంటనే గాలి మీద పడింది. నీళ్లన్నీ ఒక్కసారి లేచినట్టయింది. ఎగువన దుర్గయ్యా లచ్చమ్మా ఉన్న పుట్టి బొంగరంలా తిరుగుతూ మావైపు కొట్టుకొస్తోంది. దుర్గయ్య చేతిలో తెడ్డు విరిగిపోయి కర్రముక్క మాత్రం మిగిలింది. లచ్చమ్మ వలకుప్ప మీద బోర్లా పడి పుట్టి అంచును పట్టుకుంది. మా వెనుక, గాలి పోయే దిక్కున, బండరాళ్ల వరుస.

నేను తుమ్మ చెట్టువైపు చూశాను. టవరు దాని వెనుక లేదు. పక్కకు జరిగింది.

"మేడం, డబ్బా బండ జరుగుతున్నది!"

"సూసిన. లంగరు దించు. మెల్లగ. ఈ డబ్బా ఆయనకు ఇడ్సిపెడుదాం."

"ఇడ్సిపెడితె మనం?"

"మనకు లంగరు ఉన్నది బిడ్డా. ఆయనకు ఇదొక్కటే ఉన్నది."

మెల్లగా తాడు వదిలాను. అడుగు తగిలి తాడు వదులవగానే చెప్పాను. టీచరు కొసను ఒక్క గుంజు గుంజారు. మా పడవ డ్రమ్మును విడిచి వెనక్కి జారింది. సరిగ్గా ఆ ఖాళీలోకి పుట్టి వచ్చింది. దుర్గయ్య సగం నీళ్లలోకి వంగి కడియం అందుకున్నాడు. లచ్చమ్మ వెనుక నుంచి ఆయన నడుము పట్టుకుంది. పుట్టి ఒక్క కుదుపుతో ఆగింది.

మేము ఆగలేదు. లంగరు ఒండ్రును దున్నుకుంటూ వస్తోంది. నేను తాడును బిగించి పట్టుకున్నాను.

"వదులు! ఇంకింత తాడు ఇయ్యి!"

"వెనక రాళ్లున్నయి మేడం!"

"ఉన్నయి. అయినా ఇయ్యి. బిగవడితె అది లేస్తది, ఇస్తే పండుకుంటది."

నా శరీరమంతా వద్దంటుండగా, రాళ్లవైపే పోతూ, ఉన్న తాడంతా ఇచ్చాను. చివరి చుట్ట కూడా జారిపోయి తాడు పడవ కొయ్యకు బిగిసింది. పడవ ముక్కు గిర్రున గాలికి ఎదురు తిరిగింది. ఆగాం. వాన మొదలైంది. చిన్న రేకు డబ్బాతో పడవలోని నీళ్లు తోడుతూ టీచరు పాట అందుకున్నారు. గాలిలో మాటలు తెగిపోతున్నాయి. చర్చి పాటో పొలం పాటో నాకు అర్థం కాలేదు. డ్రమ్ము దగ్గర నుంచి లచ్చమ్మ ఏదో అరిచింది, టీచరు చెయ్యి ఊపారు. ఆ తర్వాత వాన తెర మమ్మల్ని విడదీసింది. లోకంలో ఆ పాట, ఆ తాడు, నా కాళ్ల దగ్గర దొర్లుతున్న సీసాలు మాత్రమే మిగిలినట్టుంది. వెలిశాక చూస్తే నీళ్ల మీద పసుపుపచ్చటి వెలుగు పరుచుకుని ఉంది. పుట్టి అక్కడే ఉంది. అందులో ఇద్దరూ ఉన్నారు.

"ఇగ అడుగు నీళ్లు తీద్దామా?" అన్నారు టీచరు. నేను నవ్వుతున్నాననుకున్నాను, ఏడుస్తున్నానని ఆమె కొంగుతో నా ముఖం తుడిచినప్పుడు తెలిసింది.

తర్వాతి నెల అదే చోట ఒక కొత్త డ్రమ్ము, తెల్ల రంగు వేసినది, పెద్ద బండతో మా కోసం ఎదురుచూస్తోంది. జాలర్లంతా కలిసి వేశారట. "ఎవలు ముందొస్తె వాళ్లు కట్టుకోవాలె, నా ఒక్కదానికైతె వద్దు," అని టీచరు పట్టుబట్టారు.

అంతకంటే కష్టమైన రోజు తొలకరిలో వచ్చింది. ఆ నెల వాగు మొదటి వరద తెచ్చిన నీళ్లు బాగా లేవు. కొన్నాళ్లు చేపలు పట్టొద్దని చెప్పాలి. ఫోను చేస్తే సరిపోతుందని నేనన్నాను. టీచరు బస్సెక్కి వెళ్లారు, నన్నూ తీసుకెళ్లారు. ఒడ్డున అందరి ముందూ నిలబడి చెప్పారు. కోపాలు వచ్చాయి. ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలని అడిగారు. టీచరు చెప్పి వెళ్లిపోకుండా అక్కడే రాతి మీద కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఒక్కొక్కరూ వచ్చి తిట్టి, వాదించి, అలసిపోయారు. చివరికి దుర్గయ్య లేచి, "గాలిల డబ్బా ఇడ్సిన మనిషి మనకు అబద్ధం చెప్తదా? ఆగుదాం," అన్నాడు. ఆగారు. రెండు వారాలు పోయాక నీళ్లు తేరుకున్నాయి.

పోయిన ఏడాది టీచరు గుండెజబ్బుతో పోయారు. ఆఖరి రోజుల్లో సంగారెడ్డి ఆసుపత్రిలో పక్కన కూర్చుంటే కళ్లు తెరవకుండానే, "గాలి ఎటున్నదే?" అని అడిగారు. పడమర నుంచి అన్నాను. "అయితె వాన వస్తది," అని మళ్లీ నిద్రలోకి జారుకున్నారు. ల్యాబు ఇప్పుడు నేను నడుపుతున్నాను.

ఈ ఏడు తొలకరికి మళ్లీ నీళ్లు చెడ్డాయి. రిపోర్టు చేతిలో పట్టుకుని చాలాసేపు ఫోను వైపు చూశాను. తర్వాత బస్సెక్కాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న లచ్చమ్మ ముందు నిలబడి, ఆమె కళ్లలోకి చూసి, కొన్నాళ్లు వల వేయొద్దని చెప్పాను. నా గొంతు టీచరు గొంతంత పెద్దది కాదు, చెప్పిందే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. లచ్చమ్మ వేళ్లు వల కన్నుల్లో అలాగే ఉండిపోయాయి. నేను వెళ్లలేదు, నిలబడే ఉన్నాను. చివరికి ఆమె తాను కూర్చున్న గోనెసంచి మీద కొంచెం పక్కకు జరిగింది.

"నిలవడ్డవేంది, కూసో," అంది.