బట్టల సోడా, కందిపప్పు

తొంభైల మొదట్లో మేం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. ఆ శనివారం కుళాయి దగ్గర ఆడవాళ్లం చవక సొసైటీ స్టోరు సరుకుల మంచిచెడ్డలు చెప్పుకుంటున్నాం.

"కందిపప్పు బంగారం. బట్టల సోడాయే శుద్ధ దండగ, ఒక్క మరకా వదల్లేదు," అన్నాను.

"అదేటమ్మా, మాకు బాగానే వదుల్తోందే!" అంది పక్క క్వార్టర్ పైడితల్లి.

అప్పుడు తట్టింది నాకు. ఉప్పూ, సోడా ఒకేలాంటి కాగితం పొట్లాల్లో తెచ్చుకున్నాను. బట్టల్లో వేసింది ఉప్పయితే, పప్పులో పడింది సోడాయే! ఉపవాసమని రుచి చూడలేదు. ఇంజిన్ డ్రైవరైన మా ఆయన ఆ పప్పు సర్దిన క్యారియరుతోనే డ్యూటీకి వెళ్లారు.

చెప్పుల్లేకుండా స్టేషన్‌కి పరిగెత్తాను. గూడ్సు కదిలిపోతోంది. "తినకండీ!" అని గొంతు చించుకుంటూ రెండు చేతులూ ఊపాను. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపి, కూత వేసి వెళ్లిపోయారు. తరవాతి స్టేషన్‌కి కబురు చెయ్యమని అక్కడున్న స్టేషన్ గుమాస్తాబాబుని బతిమాలాను. "అచ్ఛా, పప్పు కోసం బండి ఆపాలా?" అని నవ్వేశాడు.

మర్నాడు ఆయన గుమ్మంలో కనబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మొదటి ముద్దకే ఉమ్మేశాను. కుళాయి దగ్గర పైడితల్లి చెప్పింది, సోడా దండగన్నావటేటి? గిన్నె చూడు, ఎలా మెరుస్తోందో!" అన్నారు.

నవ్వలేక ఏడ్చేశాను. అప్పట్నుంచి ఎంత ఉపవాసమైనా, పప్పు నాలుక మీద వేసుకోనిదే క్యారియరు మూత పెట్టలేదు.