వంపు దగ్గర చిన్న కుట్టు

ఆ ఉదయం మా ఇంటి ముందు కుళాయి కింద బిందె నిండి పొర్లుతూ ఉంది. నంద్యాలలో మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అమ్మ ఒక్క చుక్క పోనివ్వదు. కుళాయి కట్టేసి లోపలికి వచ్చాను. అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. నాయనే చెప్పాడు: "ఆళ్లగడ్డ పెద్దమ్మ పోయిందంట పాపా. నిద్రలోనే."

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. నలభై ఏళ్లు ఆళ్లగడ్డలో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టింది. ఆమె గురించి రాయమంటే ఎవరైనా ఆ జాకెట్ల గురించే రాస్తారు. నాకు ఎక్కువ తెలిసింది వేరే. ఆమె కంప్యూటర్లో కారు నడిపేది.

రెండేళ్ల కిందట ఆమె మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు తోడుగా ఉండమని నన్ను పంపారు. మాట్లాడని పిల్ల కాబట్టి పెద్దమ్మకు విశ్రాంతి దొరుకుతుందని అమ్మ అంది. పోటీ పరీక్ష పుస్తకాలతో పాటు నా కంప్యూటర్ కూడా బస్సులో పెట్టుకుని పోయాను. చదువు మధ్యలో కాసేపు కారు పందెం ఆడేదాన్ని. పెద్దమ్మ మంచం మీద నుంచి చూసేది. మూడో రోజు, "మలుపు కాడ అంత తొక్కుతావేందీ? కాలు తీయల్ల," అంది. నేను ఆడేది వేళ్లతో. అయినా ఆమె మాట విని వేలు తీసి చూశాను. కారు రోడ్డు దిగలేదు. మర్నాడు కుర్చీ ఆమెకే ఇచ్చాను.

ఆమె ఎవరినీ దాటాలని చూసేది కాదు. వెనక నుంచి వచ్చేవాళ్లకు పక్కకు జరిగి దారి ఇచ్చేది. "పోనీలే, ఏం పని మింద పోతాండాడో." పందెంలో ఎప్పుడూ ఆఖరే. ఆ సంగతి ఆమెకు పట్టేది కాదు.

బొమ్మ తెగితే మాత్రం ఊరుకునేది కాదు. తెర మీద కదులుతున్నట్టు కనిపించేవి నిజానికి కదలని బొమ్మలే, ఒకదాని వెనక ఒకటి. నా పాత కంప్యూటర్ సెకనుకు ముప్పై బొమ్మలు చూపించేది. ఈ మాట చెబితే పెద్దమ్మ, "అంటే కుట్టులో టాకాలు," అంది. పొడుగు టాకా తిన్నని చోట తెలియదట. చంక వంపు దగ్గర బట్ట ముడతపడి బయటపడుతుందట. "ఆడ కుట్టు చిన్నది చేసుకోవల్ల."

సెకనుకు ఎన్ని బొమ్మలన్న ఈ లెక్కను ఫ్రేమ్ రేటు అంటారు; దాని గురించి నేను చాలా చదివాను. ఇంత సూటిగా ఎవరూ రాయలేదు. సూటి రోడ్డు మీద ముప్పైకీ అరవైకీ పెద్ద తేడా కనపడదు. మలుపులోకి వెళ్లాక రోడ్డు గెంతుతుంది. మనం తిప్పాక కారు ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. చెయ్యి ఆ కారును నమ్మడం మానేస్తుంది.

అరవైకి చేరాలంటే బొమ్మ అందం తగ్గించాలి. తగ్గించాను. చెట్లకు ఆకులు పోయాయి, నీడలు పోయాయి, కొండలు అట్టముక్కల్లా నిలబడ్డాయి. నాకు దిగులేసింది. పెద్దమ్మకు వేయలేదు. "ఆకులు ఎవురిక్కావల్ల? దోవ తెగకుండా ఉంటే సాలు."

ఆమె నడవసాగాక కూడా చదువుకోవడానికి నేను అక్కడే ఉండిపోయాను. తర్వాత పాత మానిటర్ చెడిపోయింది. ఆకులు, నీడలు తీసేశాక నా కంప్యూటర్ అరవై దాటగలిగేది, ఆ మానిటరే అంతకు మించి చూపించలేకపోయేది. కొత్తది తెప్పించాను. సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు చూపిస్తుందని దాని అట్టపెట్టె మీద పెద్ద అంకెలతో ఉంది. తగిలించగానే నాకు తేడా కనిపించింది. పెద్దమ్మను కూర్చోబెట్టాను.

"ఎట్లుంది?"

"అట్లే ఉంది."

"బాగా చూడు పెద్దమ్మా."

"చూస్తాండా గదా. అట్లే ఉంది."

"నాకు తెలుస్తాంది. నీ కండ్లకే తెలీడం ల్యా."

ఆమె తెర వంక ఇంకోసారి చూసి, లేచి వెళ్లిపోయింది.

మరుసటి రోజు నుంచి సూదిలో దారం ఎక్కించడానికి వాకిట్లోకి వెళ్లడం మొదలుపెట్టింది. కుట్టిందాన్ని విప్పి మళ్లీ కుట్టేది. నంద్యాలలో కంటి డాక్టరుకు చూపించాం. ఈ వయసుకు చూపు బాగుందని ఆయన చెప్పాడు. బయటికి వచ్చాక పెద్దమ్మ, "ఆయప్ప అందరికీ అట్లే చెప్తాడు. నువ్వు చదివిన పిల్లవి, ఊరికే అంటావా," అంది. ఆ నెలలోనే పెళ్లి జాకెట్లు తీసుకోవడం మానేసింది. చీరలకు ఫాల్స్, లంగాలు, దిండు గలీబులు. అన్నీ తిన్నని కుట్లు. వంపు ఉన్న బట్ట ఏదీ ముట్టుకోలేదు. మిషన్ చప్పుడు ఆగి ఆగి వినిపించేది. వయసు కదా అనుకుని నేను చదువుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత, ఆమె కోసం తెర మీద అక్షరాలు పెద్దవి చేద్దామని సెట్టింగుల్లోకి వెళ్లాను. అక్కడ సెకనుకు అరవై బొమ్మలని ఉంది. మానిటర్ ఎంత మంచిదైనా కంప్యూటర్లో ఆ అంకెను మనమే మార్చాలి. నేను మార్చలేదు. ఆ ఎనిమిది నెలలూ మేము చూసింది అరవయ్యే.

మార్చాను. తెర ఒకసారి నల్లబడి వచ్చింది. ఏమీ చెప్పకుండా పెద్దమ్మను పిలిచాను. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. చెయ్యి తీసేసింది.

"ఏం చేసినావ్?"

"ఏం చేయల్యా."

"ఏందో చేసినావ్. కుట్టు చిన్నదయింది."

అప్పుడు చెప్పాను. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

"అంటే ఆ పొద్దు నాకు కనపడింది నిజమే?"

"నిజమే."

"మరి నీకేం కనపడింది?"

కాన్వెంట్లో అచ్చులో ఉన్నదే జవాబుగా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

"నువ్వు చూసింది అట్టపెట్టె మింద రాసింది," అంది పెద్దమ్మ. కోపం లేదు. నవ్వుతూ కూడా అనలేదు. "సరే, జరుగు, ఇంగో సుట్టు పోతా," అని మళ్లీ కారెక్కింది. ఆ రోజు ఒక్కర్ని దాటింది. "వాడే అడ్డమొచ్చినాడు," అని నాకు సంజాయిషీ ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెళ్లి జాకెట్లు మళ్లీ కుడతానని వీధిలో చెప్పింది. పోయిన వారం దాకా కుట్టింది. నేను నంద్యాల వచ్చేటప్పుడు కంప్యూటర్ ఆమెకే వదిలేశాను. ఫోన్ చేసి ఎట్లుంది అని అడిగితే మోకాలి సంగతి చెప్పేది కాదు. "నున్నగా పోతాంది," అనేది.

ఎవరైనా తమకు తేడా కనపడటం లేదంటే నేనిప్పుడు వాళ్ల కళ్లను అనుమానించను. ముందు నేను తగిలించినదాన్ని చూసుకుంటాను. ఇది ఆమె నాకు నేర్పింది. నేర్పానని ఆమె ఎప్పుడూ అనలేదు.

ఆమె పెళ్లి జాకెట్లు కుట్టని ఆ ఎనిమిది నెలల్లోనే మా అక్క పెళ్లి జరిగింది. పుట్టినప్పటి నుంచి అక్క బట్టలన్నీ పెద్దమ్మే కుట్టింది. పెళ్లి జాకెట్టు మాత్రం నంద్యాలలో ఎవరో కుట్టారు. తలంబ్రాలు అయ్యాక పెద్దమ్మ అక్క వెనక నిలబడి, భుజం మీది కుట్టును వేలితో ఒకసారి తడిమి చూసి, "బాగనే కుట్టినాడు," అంది.