సుప్రజ చదివే చదువు

గుజరాత్‌లోని లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే రాజమల్లుకు తన కూతురు సుప్రజ చదివే సోషల్ వర్క్ డిగ్రీ ఏమిటో ఎవరికీ చెప్పడం చేతనయ్యేది కాదు. "సేవ జేసెతందుకు కాలేజీ ఎందుకు తమ్మీ?" అని పక్కింటి నర్సవ్వ ఎగతాళి చేసినప్పుడల్లా ఒళ్లు మండేది.

ఫీల్డ్‌వర్క్‌కి సుప్రజ తన గల్లీనే ఎంచుకుంది. రోజూ సాయంత్రం ఆడవాళ్ల మధ్య కూర్చుని వాళ్లు చెప్పేది వినేది. చివరికి అందరూ కలిసి గల్లీకి అంగన్‌వాడీ అడగాలనుకున్నారు.

అది అడగడానికి అందరూ ఆఫీసుకు వెళ్లిన రోజు రాజమల్లు సాంచాలు బంద్ పెట్టి మరీ వెంట వెళ్లాడు, కూతురు అధికారి ముందు గుజరాతీలో దంచేస్తుందని. తీరా చూస్తే ఆమె అందరి వెనక బెంచీ మీద కూర్చుంది. అతనికి తల కొట్టేసినట్టయింది.

"లేచి మాట్లాడు బిడ్డా!"

"నేనే మాట్లాడితే, నేను లేనినాడు ఎవరు మాట్లాడుతరు నాయినా? మాకు నేర్పేది గిదే."

అంతలో ముందు కూర్చున్న ఆడవాళ్లలోంచి నర్సవ్వ లేచింది. సాంచాల చప్పుడులో ఏళ్లతరబడి అరిచి మాట్లాడిన గొంతు అది. తన మనవరాలు సాంచాల పక్కనే పడుకుంటోందనీ, వచ్చి కళ్లారా చూడమనీ వచ్చీరాని హిందీలో కేకేస్తే గది దద్దరిల్లింది. "ధీరే బోలో, మాసీ," అని మెల్లగా మాట్లాడమంటూనే అధికారి స్కూటర్ తాళం అందుకున్నాడు.

గేటు దగ్గర తెలిసినవాడొకడు అడిగాడు: "నీ బిడ్డ ఏం చదువుతున్నదే రాజమల్లన్నా?"

అధికారికి దారి చూపిస్తూ, ఇంకా అరుస్తూనే ముందు నడుస్తున్న నర్సవ్వ వైపు రాజమల్లు వేలు చూపించాడు.

"అగో, గా సదువు."