పచ్చి తాటాకుల మీద

మొన్న మనవరాలి కోసం నువ్వులు, బెల్లం కలిపి చిమ్మిలి దంచుతుంటే, ఆ వాసనకు రోకలి పక్కన పెట్టేశాను.

చిన్నప్పుడు నందిగామ దగ్గర మిరపచేలో కాయలు కోస్తుండగా నా పావడాకు రక్తం అంటింది. అమ్మ నన్ను ఇంటికి తీసుకొచ్చి, మూలన పచ్చి తాటాకుల మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టింది. ఆ ఏడే పోయిన నాయనమ్మ పాడె మీద పరిచినవీ పచ్చి తాటాకులే. ఆమెకు వదిలినవీ నువ్వుల నీళ్లే. ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగాను.

"అమ్మా, నేను చచ్చిపోతున్నానా?"

"నోర్ముయ్యవే. పెద్దమనిషివయ్యావు, తిను."

అంతకుమించి చెప్పలేదు.

నడివయసులో రాత్రిబడిలో చదువు నేర్చుకున్నాక, నెలనెలా గర్భసంచి లోపలి పొర రాలడమే ఆ రక్తమని పుస్తకంలో చదివి అమ్మకు వినిపించాను.

"మళ్లీ చదవవే," అంది. "నేనూ అట్టాగే భయపడ్డా."